శ్వాసక్రియ

తెలుగువాడు ప్రాణమును గూర్చి మాటాడబోయిన ప్రతిపట్టునను ఊపిరిని గూర్చియే మాటాడును. గండము గడచినపుడు ఊపిరి పీల్చుకొనుట, పని మిక్కుటమైనపుడు ఊపిరి సలపకపోవుట, బిగువైన ఘట్టమున ఊపిరి బిగబట్టుట, కడపట ఊపిరి విడుచుట — ఇట్లు మానవుని అవస్థలలో సగము ఈ యొక్క మాట చుట్టును తిరుగుచున్నవి. ఆ ఊపిరిని ఆడించు అవయవములకు పూర్వులు పెట్టిన ‘ఊపిరితిత్తులు’ అను పేరు మిక్కిలి భావగర్భితము. తిత్తి యనగా తోలుసంచి, కమ్మరి కొలిమియొద్ద నిప్పు రాజేయుటకై గాలి నూదు సాధనము. దేహమునందును ఒక మందాగ్ని కలదనియు, దానికి గాలి నందించునవి యీ తిత్తులనియు ఆ పేరు సూచించుచున్నది. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవోయిజర్ తూనికలతోను కొలతలతోను నిరూపించిన సత్యము స్థూలముగా ఇదియే. ఐతే పోలిక యొకచోట పొసగదు. ఊపిరితిత్తులలో నిప్పు లేదు. అది దేహమందలి ప్రతి కణమునను వేఱువేఱుగా రగులుచున్నది. కావున గాలి తిత్తిలో చేరుట వేఱు, అందలి ప్రాణవాయువు కణమునకు చేరుట వేఱు. ఈ రెండు కొసల నడుమ జరుగు సమస్త వ్యాపారమును శ్వాసక్రియయే. ఊపిరి కురుచపడు వ్యాధులన్నియు ఈ దారిలో ఎక్కడనో యొకచోట ఏర్పడిన ఆటంకములే.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, దాదాపు 21 పాళ్ళు ఆమ్లజని. విడుచు గాలిలో ఆమ్లజని సుమారు 16 పాళ్ళకు తగ్గి, మొదట లేశమాత్రముగా నున్న బొగ్గుపులుసు వాయువు 4 పాళ్ళకు పెరుగును. అనగా లోనికి కొనిపోయిన ఆమ్లజనిలో ఇంచుమించు నాలుగవ వంతును మాత్రమే వాడుకొని తక్కినదానిని మరల గాలికే అప్పగించుచున్నాము. ఊపిరాగినవాని నోట మఱియొకడు తన యూపిరి నూది బ్రతికింపగలుగుట ఈ మిగులు చలువయే.

నాసికాపుటములలో ప్రవేశించిన గాలి అచ్చట వడబోయబడి, తేమగొని, వెచ్చబడి, గొంతు దాటి, సుమారు 11 సెంటీమీటర్ల పొడవు గల వాయునాళములోనికి దిగును. ఆ నాళము రొమ్ము నడుమ రెండుగా చీలును. గుండెకు చోటిచ్చుటకై ఎడమ ఊపిరితిత్తి రెండు తమ్మెలతో సరిపెట్టుకొనగా కుడిదానికి మూడు తమ్మెలు కలవు. కుడికొమ్మ వెడల్పుగను నిటారుగను దిగుటచేత పసిపిల్లలు పొరపాటున పీల్చిన చింతగింజయో వేరుసెనగ పలుకో తఱచుగా ఆ పక్కనే చిక్కుకొనును. ఇట్లు కొమ్మలు రెమ్మలుగా దాదాపు 23 సారులు చీలిన పిమ్మట, ద్రాక్షగుత్తులవంటి వాయుగోణులయందు ఈ వృక్షము ముగియును. వేళ్ళు పైకిని కొమ్మలు క్రిందికిని గల అశ్వత్థమును గీతలో చదివినవారికి దీనిని ఊహించుకొనుట కష్టము కాదు. వాయుగోణుల సంఖ్య 30 కోట్లు మొదలు 50 కోట్ల వరకు నుండును. వానినన్నిటిని విప్పి పఱచినచో సుమారు 70 చదరపు మీటర్ల నేల నిండును. ఒక నడితరగతి యింటి వైశాల్యమంతటిని రొమ్ములోని రెండు సంచులలో మడిచిపెట్టుట ప్రకృతి చేసిన పొదుపులలో కెల్ల గొప్పది. గాలికిని నెత్తురునకును నడుమ ఇచ్చట నున్న తెఱ మిల్లీమీటరులో వేయవ వంతునకు మించని మందము గలది.

ఊపిరితిత్తులకు తమంతట తాము ఉబ్బు శక్తి లేదు. వానిలో నందులకు తగిన కండరములే లేవు. రొమ్మునకు అడుగున గొడుగువలె వంగియున్న ఉదరవితానము బిగిసి క్రిందికి దిగి, పక్కటెముకలు పైకి లేచినపుడు రొమ్ములోని చోటు విశాలమై గాలి తనంతట లోనికి వచ్చును. ఆ కండరములు సడలినంతనే సాగిన తిత్తులు ముడుచుకొని గాలిని వెలికి పంపును. కనుక నెమ్మదిగా నున్నవానికి పీల్చుటయే పని, విడుచుట విశ్రాంతి. ఒక్కొక్క తడవ లోనికి వచ్చునది సుమారు 500 మి.లీ.; అందు 150 మి.లీ. గొట్టములలోనే నిలిచి, పనికిరాకయే తిరిగి పోవును. ఈ చిన్న లెక్క రోగి మంచముకడ మిక్కిలి విలువైనది. నిమిషమునకు 15 సారులు నిండుగా పీల్చువానికిని, 30 సారులు సగము సగముగా ఎగపీల్చువానికిని లోనికి పోవు గాలి మొత్తము సమానమే, ఏడున్నర లీటర్లు. కాని వాయుగోణులకు చేరునది మొదటివానికి 5 లీటర్లకు పైచిలుకు, రెండవవానికి 3 లీటర్లు మాత్రమే. వగర్చువాడు ఎక్కువ గాలి పీల్చుచున్నాడని చూపరులు భ్రమపడుదురు. పసిబిడ్డ డొక్కలెగరవేయుచు గబగబ ఊపిరి తీయుట పల్లెతల్లులు గుర్తింపగల లక్షణము. న్యుమోనియా వచ్చిన బిడ్డను ఆస్పత్రికి చేర్చుటకు వైద్యులు నేర్పు ముఖ్యమైన గుర్తును అదియే.

వాయుగోణులు తేమగల సూక్ష్మమైన బుడగలు గనుక, నీటి తలతన్యత వలన అవి ఎప్పటికప్పుడు మూసికొని పోవలసినవే. అట్లు జరుగకుండుటకు కారణము వాని లోగోడలపై నుండు సబ్బునీటివంటి యొక పూత. మాతృగర్భమున నున్న శిశువునకు ఈ పూత చివరి మాసములలోగాని తగినంతగా ఏర్పడదు. నెలలు నిండక పుట్టిన బిడ్డలు కొందఱు మూలుగుచు, ఆయాసపడుచు, ఒకటి రెండు దినములలో మరణించుటకు హేతువు ఈ పూత కొరతయేయని 1959లో మేరీ ఎలెన్ ఎవెరీ, జెరె మీడ్ అను అమెరికా వైద్యులు కనుగొనిరి. అటుపిమ్మట నాలుగేండ్లకు అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండక పుట్టిన కుమారుడు ఈ వ్యాధితోనే రెండు దినములు బ్రతికి కన్నుమూసెను. దేశాధిపతి బిడ్డకును అప్పటికి మందు లేదు. నేడో, ప్రసవమునకు ముందు తల్లికి స్టీరాయిడు సూది వేయుట, పుట్టిన బిడ్డ వాయునాళములోనికి ఆ పూతద్రవ్యమునే పంపుట జిల్లా కేంద్రముల ఆస్పత్రులలో సైతము జరుగుచున్నవి.

నీరు పల్లమునకు పారునట్లు ఆమ్లజని ఎక్కువ పీడనమున్న తావునుండి తక్కువ పీడనమున్న తావునకు మెట్లుమెట్లుగా దిగును. సముద్రతీరమున మొత్తము గాలి పీడనము పాదరసపు కొలతలో 760 మిల్లీమీటర్లు కాగా, అందు ఆమ్లజని వంతు సుమారు 160, వాయునాళమున నీటియావిరితో కలిసి 150, వాయుగోణులలో 100, కణముల నుండి తిరిగివచ్చు నెత్తుటిలో 40. ఏ మెట్టునను దీనిని త్రోయువాడు లేడు. గాలినుండి ఆమ్లజనిని ఊపిరితిత్తులే ప్రయత్నపూర్వకముగా నెత్తుటిలోనికి స్రవింపజేయునని డెన్మార్కు పండితుడు క్రిస్టియన్ బోర్ వాదింపగా, ఆయన శిష్యుడే యైన ఆగస్ట్ క్రోగ్, భార్య మారీతో కూడి, అట్టి స్రావమేమియు లేదు, పీడనభేదమే చాలునని తేల్చెను. గురువును కాదనుట కష్టమే. కాని ఈ విషయమున శిష్యునిదే నిజమైనది.

పీడనము తెచ్చిన ఆమ్లజనిని మోయుటకు నెత్తుటియందు తగిన వాహనము కావలయును. 100 మి.లీ. నెత్తుటి ద్రవములో కేవలము కరగియుండగలది మి.లీ.లో మూడవ వంతు మాత్రమే. ఎఱ్ఱకణములలోని ఇనుముగల హీమోగ్లోబిన్ వలన అది 20 మి.లీ. వరకు పెరుగుచున్నది. హీమోగ్లోబిన్ సగమునకు పడిపోయిన బాలింతకు ఊపిరితిత్తులు ఎంత చక్కగా నున్నను, మెట్లెక్కునప్పటికి ఆయాసము రాకమానదు. ఆమె కొఱత గాలిలో లేదు, బండ్లలో నున్నది. బొగ్గుకుంపటి పెట్టుకొని తలుపులు బిడాయించి పండుకొన్నవారి మరణమును ఇట్టిదే. సరిగా మండని బొగ్గునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు ఆమ్లజనికన్న 200 రెట్లకు మించిన పట్టుదలతో హీమోగ్లోబిన్‌ను పెనవేసికొనును. గదిలో ఆమ్లజని ఉండగానే, తిత్తులు ఆడుచుండగానే, కణములు ఆకటితో చచ్చును. వాసన లేని వాయువగుటచే నిద్రించువాడు మేల్కొనడు.

ఊపిరి ఆడించు ఆజ్ఞ మెదడు అడుగుభాగమునుండి వెలువడును. ఆశ్చర్యమేమనగా, సాధారణస్థితిలో ఆ ఆజ్ఞకు ప్రేరకము ఆమ్లజని లేమి కాదు, బొగ్గుపులుసు వాయువు పెంపు. హాల్డేన్, ప్రీస్ట్‌లీ అను ఇద్దఱు బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1905లో దీనిని స్థాపించిరి. ఈ రెండవయాతడు ఆమ్లజనిని కనుగొన్న ప్రీస్ట్‌లీ కాడు. చెఱువులో ఎవడెక్కువసేపు మునుగునో యని పందెము కాయు కుఱ్ఱవాండ్రు ముందుగా గబగబ ఊపిరి తీసికొని దూకుట ఇందుచేతనే ప్రమాదకరము: అట్లు చేసినచో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, పైకి లేవవలెనను తహతహ పుట్టకముందే ఆమ్లజని అడుగంటి స్పృహ తప్పును. గుండెకు ఆజ్ఞాపింపజాలని మనము ఊపిరిని కొంతవఱకు ఆజ్ఞాపింపగలము. పూరక కుంభక రేచకములపై యోగులు దృష్టి నిలుపుటకు ఈ సౌలభ్యమే మూలమై యుండవచ్చును. మనుజుడు దినమునకు 21,600 మారులు శ్వాసించునని యోగగ్రంథములు చెప్పును. నిమిషమునకు పదునైదు చొప్పున లెక్కించినచో సరిగా ఇదే సంఖ్య వచ్చును; అది నేటి వైద్యులు చెప్పు 12–18 హద్దులలోనిదే. నాలుగు సెకన్ల యీ శ్వాసకాలమునకే ప్రాచీన జ్యోతిషమున ‘ప్రాణము’ అని పేరు. వృత్తమునందలి కలలును 21,600 అగుటచేత, ఒక ప్రాణకాలమున భూమి ఒక కల మేర తిరుగునని ఆర్యభటుడు చెప్పగలిగెను. ఊపిరిని గడియారముగా జేసి భూభ్రమణమును కొలిచిన ఆ చూపునకు శరీరశాస్త్రముతో పని లేకున్నను, ఇక్కడ తలపకుండ పోలేకపోతిని.

శ్వాసప్రయోజనమును గూర్చి పాశ్చాత్యులు చిరకాలము పొరబడిరి; గుండె వేడిని చల్లార్చుటకే గాలియని వారి ప్రాచీనుల నమ్మకము. కుడిగుండెనుండి నెత్తురు ఊపిరితిత్తుల మీదుగా ఎడమకు పోవునని పదమూడవ శతాబ్దమున ఇబ్న్ అల్ నఫీస్ వ్రాసెను. 1661లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మరక్తనాళములను కన్నులార చూచెను. 1774 ఆగస్టు 1వ తేదీన జోసెఫ్ ప్రీస్ట్‌లీ భూతద్దపు వేడిచే పాదరసభస్మమునుండి ఒక వాయువును రాబట్టెను. అందు క్రొవ్వొత్తి దేదీప్యమానముగా వెలిగినది, ఎలుక మామూలు గాలిలోకన్న ఎక్కువసేపు బ్రతికినది. స్వీడను దేశస్థుడు షీలే అంతకు ముందే దీనిని తయారుచేసియు ప్రకటించుటలో వెనుకబడెను. ఐనను వారిద్దఱికిని అంతుచిక్కని రహస్యము లెవోయిజర్‌నకు చిక్కినది. ఆయన లాప్లాస్‌తో కూడి ఒక గినీపందిని మంచుగడ్డల నడుమ నుంచి, కరగిన మంచు తూకమును బట్టి అది పుట్టించిన వేడిని కొలిచి, అంతే బొగ్గుపులుసు వాయువు వెలువడునట్లు బొగ్గును కాల్చిన వేడితో సరిపోల్చి, శ్వాసము నెమ్మదియైన దహనమేయని 1783లో ప్రకటించెను. ఆ దహనము ఊపిరితిత్తులలోనే జరుగునని ఆయన భావించుట మాత్రము సరికాదు. విప్లవన్యాయస్థానము 1794 మే 8వ తేదీన ఆయన శిరస్సును ఖండింపజేసెను.

గాలి ఉండియు ఊపిరి చాలని స్థితిని లోకమునకు కన్నులకు కట్టినది 1875 ఏప్రిల్ 15 నాటి ‘జెనిత్’ బెలూను విషాదము. ముగ్గురు ఫ్రెంచివారు ఆమ్లజని సంచులను చేతికందు దూరమున వ్రేలాడగట్టుకొని 8,000 మీటర్లకు పైగా ఎగిరిరి. అంత యెత్తునను ఆమ్లజని వంతు నూటికి 21 పాళ్ళే, తగ్గినది పీడనము. కష్టమనిపించినపుడు పీల్చుకొందమని వారనుకొనిరి. కాని ఆమ్లజని తగ్గుచున్న మెదడు కష్టమును తెలియనీయదు, పైపెచ్చు హాయిగొలుపును. సంచి అందుకొనుటకు చేయి లేవలేదు. స్పృహ తప్పిన ముగ్గురిలో గాస్తన్ తిస్సాందియే ఒక్కడే, చెవులు చెవుడుపడి, బ్రతికి దిగెను. పీడనము మూడవవంతునకు తగ్గిన ఎవరెస్టు శిఖరమును 1953లో టెన్సింగ్, హిల్లరీ ఆమ్లజని మోసికొనిపోయి ఎక్కగా, 1978లో మెస్నర్, హేబెలర్ అది లేకయే ఎక్కిరి. దినముల తరబడి మజిలీలలో అలవాటుపడి, వగర్పుచే బొగ్గుపులుసును తగ్గించుకొన్న శరీరమునకే అది సాధ్యము.

ఇక వ్యాధులు. మన ప్రాంతమున ఊపిరితిత్తుల వైద్యచరిత్ర యనగానే మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము స్మృతికి వచ్చును. 1912లో పలు మిషనుల ఉమ్మడి పూనికచే ఆరంభమై, డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ క్షయ శానిటోరియమునకు దక్షిణదేశపు నలుమూలలనుండి రోగులు వచ్చెడివారు. పొడిగాలి, విశ్రాంతి, పాలు, గ్రుడ్లు — అప్పటి చికిత్స అంతియే. కొందఱికి ప్రక్కనుండి గాలి నెక్కించి వ్యాధిగల తిత్తిని ముడిచి ఉంచెడివారు. క్షయకు ‘రాజయక్ష్మ’ యని గౌరవనామమున్నను అది పేదవాని యింటనే ఎక్కువగా కాపురముండినది. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియజిడ్ మొదలగు మందులు వచ్చిన తరువాత, 1956లో మద్రాసున మొదలైన ప్రయోగములో, ఇంటనే యుండి మందు తిన్నవారును శానిటోరియములో చేరినవారును ఇంచుమించు సమానముగానే కోలుకొనిరనియు, ఇంటివారికి అందువలన అదనపు ముప్పు లేదనియు తేలెను. చెట్లనీడల నడుమ వరుసలు తీరిన ఆ వార్డుల యుగము అంతటితో ముగిసినది. ప్రపంచమందలి క్షయరోగులలో నాల్గవవంతు నేటికిని మన దేశముననే యున్నారు; మందు అందుబాటులో నుండియు, ఆకలి, ఇఱుకిల్లు, మధ్యలో మందు మానుట అను మూడును ఆ వ్యాధిని పోషించుచున్నవి.

ఆరోగ్యవరమునకు మఱియొక ఖ్యాతియు కలదు. క్షయయని పంపబడిన కొందఱిలో క్షయక్రిములు కనబడక, రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు, నెత్తుటిలో ఈసినోఫిల్ కణముల వెల్లువ కనబడుటను గమనించి మోలర్, బార్టన్ 1940లో ప్రకటించిరి. మూడేండ్లకు వైన్‌గార్టెన్ దానికే ఉష్ణమండల ఈసినోఫిలియా యని పేరిడెను. అది బోదకాలు పురుగులకు శరీరము చూపు మితిమీఱిన ప్రతిక్రియయని తరువాత తేలినది. దానిని నయముచేయు డైఈథైల్ కార్బమజీన్ అను మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947 ప్రాంతమున, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వమున వెలసెను. బోదకాలుకు ఆటపట్టైన గోదావరి మండలపు బిడ్డ చేతిమీదుగా ఆ మందు రావలసియుండుట చరిత్ర చేసిన ఉచితన్యాయమని నాకు తోచును.

ఉబ్బసమున వాయునాళికలు వాచి, చుట్టుకండరములు బిగుసుకొని, గాలి లోనికి వచ్చినంత సులువుగా వెలికి పోదు. మృగశిర కార్తె ప్రవేశమున హైదరాబాదు నాంపల్లి మైదానమునకు వేలకొలది జనులు వచ్చి, మందు కుక్కిన చిన్న కొఱ్ఱమీను పిల్లను మ్రింగుట ప్రసిద్ధము. దానివలన ఉబ్బసము నయమగునని శాస్త్రీయ పరీక్షలలో తేలలేదు. తొలకరి తేమకు ముందు ఉబ్బసరోగి పడు భయమునకు మాత్రము ఆ జనసమ్మర్దమే సాక్ష్యము. నోట పీల్చు పంపుమందు అలవాటుపడిన మానలేమని మనవారిలో నాటుకొన్న భయము నిరాధారము. మ్రింగెడు మాత్రలో దేహమంతట వ్యాపించు మందు, పంపులో అందులో స్వల్పాంశముగా సరిగా నాళికలకే చేరును.

పొగ సంగతి వేఱు. పొగాకు పండించు దేశమున పొగత్రాగుటలోను వింతపోకడలు కలవు. ఉత్తరాంధ్ర తీరమున కొందఱు స్త్రీలు చుట్టను నిప్పున్న కొన నోటిలోపలికి పెట్టి కాల్చు ‘అడ్డపొగ’ అంగిటి పుండ్లకును కాన్సరునకును దారితీయును. పొగాకునకును ఊపిరితిత్తుల కాన్సరునకును గల సంబంధమును 1950లో డాల్, హిల్ లండనులో లెక్కలతో చూపిరి. కాని ఎన్నడును చుట్ట ముట్టని ఇల్లాండ్రు పిడకల పొయ్యికడ ముప్పదేండ్లు కూర్చుండి, పొగ త్రాగినవానివలెనే నిత్యదగ్గుతో, గళ్ళతో, ఆయాసముతో కుంగుట ఆస్పత్రులలో నిత్యదృశ్యము. రాళ్ళు కొట్టువారి, పలకల గనులలో పనిచేయువారి తిత్తులలో ఇసుకధూళి చేరి మచ్చలు కట్టును. ఆ మచ్చలకు మందు లేదు, ధూళి లేవకుండ నీరు చల్లుటయే ఉపాయము.

ఊపిరి చాలనివానికి ఆమ్లజని అందించుట నేడొక పెద్ద పరిశ్రమ. గాలిని చల్లార్చి ద్రవముగా మార్చి, మైనస్ 183 డిగ్రీలయొద్ద మరుగు ఆమ్లజనిని మైనస్ 196 యొద్ద మరుగు నత్రజనినుండి వేఱుచేయుదురు. గాలిని ఇట్లు విరివిగా ద్రవముగా మార్చు పద్ధతిని 1895లో లిండె స్థిరపఱచెను. ఒక లీటరు ద్రవము ఆవిరియై 800 లీటర్లకు మించిన వాయువగును. దీనిని విరివిగా వాడునవి ఆస్పత్రులు కావు, ఉక్కుకర్మాగారములు. 2021 ఏప్రిలులో కోవిడ్ రెండవ వెల్లువ దేశమును ముంచినపుడు, విశాఖపట్టణపు ఉక్కుకర్మాగారమున నింపిన ఏడు ట్యాంకర్లను రైలుపై నెక్కించి మహారాష్ట్రకు పంపిరి. ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అను పేర దేశమున నడచిన రైళ్ళకు అదియే మొదటిది. ఆ దినములలో ఆమ్లజని దేశమున లేకపోలేదు. కర్మాగారమునకును పడకకును నడుమ ట్యాంకర్లు, సిలిండర్లు, గొట్టములు చాలలేదు.

గొట్టమున్నను, పీల్చు కండరములే పడిపోయినచో వేఱొకరు ఊదవలయును. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముట్టడింపగా, బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తువైద్యుడు గొంతున రంధ్రముచేసి గొట్టమమర్చి రబ్బరుసంచి నొక్కుటను ప్రవేశపెట్టెను. యంత్రములు చాలక దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, రేయింబవళ్ళు మాసముల తరబడి, చేతులతో సంచులు నొక్కుచు రోగులకు ఊపిరి పోసిరి. నేటి వెంటిలేటరును, ఇంటెన్సివ్ కేర్ వార్డును ఆ విద్యార్థుల వ్రేళ్ళనుండి పుట్టినవే. ఆమ్లజనియు ఒక మందు కనుక మోతాదు మీఱరాదు. నెలలు నిండని బిడ్డలకు ధారాళముగా ఇచ్చినందున 1940, 50 దశకములలో వేలమంది పసివారు చూపు కోల్పోయిరి.

నెత్తుటిలో ఆమ్లజని ఎంత గలదో వ్రేలికొనకు తగిలించి తెలిసికొను ఆక్సీమీటరునకు మూలసూత్రమును 1970 దశకపు తొలినాళ్ళలో జపాను ఇంజినీరు తాకువో ఆవోయాగి కనిపెట్టెను. ఆమ్లజని గల ఎఱ్ఱని నెత్తురును, లేని నల్లని నెత్తురును రెండు కాంతులను వేఱువేఱుగా పీల్చుకొనుటయే దాని కిటుకు. ఆరోగ్యవంతునికి 95 నుండి 100 వఱకు చూపును. 90కి దిగువ పడినచో ఆలస్యము కూడదు. కోవిడ్ దినములనుండి తెలుగునాట అనేక గృహములలో థర్మామీటరు ప్రక్కన దీనికొక స్థానము దొరకినది. ఐతే గోళ్ళరంగు, వణుకు, చల్లబడిన వ్రేళ్ళు దీనిని తికమకపెట్టును; నల్లని చర్మము గలవారిలో ఉన్నదానికన్న కొంచెము ఎక్కువగా చూపునని 2020లో అమెరికాలో గమనించిరి. రక్తహీనురాలైన బాలింత వ్రేలికి తగిలించినచో 98 చూపును, ఉన్న కొద్ది బండ్లును నిండియున్నవి గనుక. కుంపటిగదినుండి బయటికి లాగిన మనిషి వ్రేలికి తగిలించినను సరిగా అంతే చూపును. కార్బన్ మోనాక్సైడు పట్టిన నెత్తురును ఎఱ్ఱగానే యుండును.